పేరు తెలియని జబ్బుతో కాపురం

దాచేపల్లిలో ఒక ఆదరణ కూడికలో ఆయన నవ్వారు.

చనిపోయినది ఆయనకు వరసకు తమ్ముడు. ముప్పై ఏళ్ళ స్నేహం కూడా. పాస్టరుగారు వాక్యం చదువుతూ ఉండగా, ఆడవాళ్ళు ఏడుస్తూ ఉండగా, ఆయన పైకి నవ్వి, "అన్నాలు ఎప్పుడు పెడతారు?" అని అడిగారు. భార్య పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, ఆయన చెయ్యి పట్టుకొని బయటికి తీసుకువెళ్ళింది. "పొద్దున్నే తాగొచ్చినట్టున్నాడు" అని వెనక వరసలో ఎవరో అన్నారు. ఆయన జీవితంలో తాగి ఎరగరు. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా మేము ఆ మాటకు అడ్డు చెప్పలేదు.

ఆ కుటుంబపు అనుమతితోనే ఇది రాస్తున్నాము. పేర్లు చెప్పము. అయినా ఇలాంటి ఇల్లు మీ సంఘంలోనూ ఒకటి ఉండి ఉంటుంది. పిడుగురాళ్ళలోనో, గురజాలలోనో, మాచర్లలోనో మీరు ఇంటి ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు గుమ్మం దాకా వచ్చి, ఏదో చెప్పబోయి, "ఏం లేదులే అక్కా" అని లోపలికి వెళ్ళిపోతుంది. ఆ మింగేసిన మాట గురించే ఈ వ్యాసం.

ఆయనది రెండెకరాల మిరప. సండే స్కూలు పిల్లలకు ఇరవై ఏళ్ళు పాటలు నేర్పారు. యాభై దాటాక మనిషి మారాడు. మొదట పొలం వెళ్ళడం తగ్గించారు. తరువాత మాట మొరటుదేరింది. భార్యకు జ్వరం వచ్చి మంచాన పడితే పక్కనే కూర్చొని, కంచం ముందుకు తోసి, "కూరేది?" అన్నారట. బడ్డీకొట్టులో డబ్బులివ్వకుండా బెల్లం ముక్కలు తీసుకొని తినేవారు. ఒక ఏడాది గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు అమ్మిన డబ్బులో సగం, తిరుగు ప్రయాణంలో బస్సులో పరిచయమైన మనిషి చేతిలో పెట్టి వచ్చారు. ఎందుకిచ్చావని అడిగితే, "అడిగాడు, ఇచ్చాను" అన్నారు. జ్ఞాపకం మాత్రం బాగానే ఉంది. ఎవరి బాకీ ఎంతో, ఏ కీర్తన ఎన్నో నంబరో తప్పు లేకుండా చెప్పేవారు. కాబట్టి ఇది జబ్బని ఎవరికీ తోచలేదు. గుణం చెడిందన్నారు. చెడు సావాసమన్నారు. మరొక స్త్రీ ఉందన్నారు. గాలి సోకిందని తాయెత్తు కట్టించమన్నవారు బయటివారు. దయ్యమని నలభై రోజుల ఉపవాసం చెప్పినవారు మనవారే.

ఆమె మూడేళ్ళు మా దగ్గరికి వచ్చింది. మేము ఏం చెప్పామో దాచుకోవడం ధర్మం కాదు. "సర్దుకుపో తల్లీ. మగవాళ్ళకు ఈ వయసులో ఇలాంటివి వస్తుంటాయి. నీ ప్రార్థన పెంచు" అన్నాము. ఆమె ప్రార్థన అప్పటికే మా అందరికంటే ఎక్కువ. ఆదరణ కూడికలో నవ్విన తరువాత పెద్దలు కూడి, ఆయన మారుమనస్సు పొందేవరకు ప్రభు సంస్కారం ఇవ్వరాదని తీర్మానించారు. ఆ పెద్దలలో మేమూ ఉన్నాము. ఆ తీర్మానం ఆయనకు అర్థమైందో లేదో గాని, ఆమెకు మాత్రం బాగా అర్థమైంది. ఆదివారం సంస్కారానికి ఆయన లేవకుండా భుజం మీద చెయ్యివేసి కూర్చోబెట్టవలసినది ఆమే కదా!

కేరీగారి ఇంటిలో

ఇలాంటి కాపురం క్రైస్తవ చరిత్రలో కొత్తదేమీ కాదు. విలియం కేరీగారి పేరు మన సంఘాల్లో తెలియనివారు అరుదు. సేరంపూరు మిషను వారి తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది. అంతకు ముందు 1814లోనే కేరీగారు తెలుగు భాషకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం రాశారు. ఇవన్నీ మిషనెరీ ఆదివారాలలో చెప్పుకుంటాము. ఆయన బల్ల దగ్గర కూర్చొని తర్జుమాలు చేస్తున్న గదికి పక్క గదిలో ఎవరున్నారన్నది మాత్రం మనం చెప్పుకోము.

అక్కడ ఆయన భార్య డొరతి ఉండేది. ఇంగ్లండులో నార్తాంప్టన్ ప్రాంతపు పల్లెపిల్ల. 1781లో పెళ్ళినాడు సంతకం రాక రిజిస్టరులో గుర్తు పెట్టింది. భర్త కంటే ఐదారేళ్ళు పెద్ద. ఆయన అప్పుడు చెప్పులు కుట్టి బ్రతికేవాడు. ఇండియాకు వెళదామంటే ఆమె మొదట రానన్నది. అప్పటికే ఇద్దరు కూతుళ్ళను మట్టిలో పెట్టింది. ఓడ ఆలస్యమై, ఆయన మళ్ళీ ఇంటికి వచ్చి నచ్చజెప్పగా, చెల్లెలు తోడు వస్తానన్న మాట మీద, చంటిబిడ్డను చంకన వేసుకొని 1793 జూన్‌లో ఓడ ఎక్కింది. నవంబరులో కలకత్తా చేరారు. డబ్బు లేదు, ఇల్లు లేదు. రక్త విరేచనాలు పట్టుకున్నాయి. తోడు వచ్చిన చెల్లెలు ఒక ఆంగ్లేయుణ్ణి పెళ్ళాడి విడిగా ఉండిపోయింది. 1794లో నీలిమందు ఫ్యాక్టరీ పని మీద కుటుంబం ముద్నాబాటికి చేరింది. ఆ ఏడే ఐదేళ్ళ కొడుకు పీటరు చనిపోయాడు. సమాధి తవ్వడానికి మనుషులు దొరకడమే కష్టమైంది.

ఆ తరువాతే డొరతి మనసు తప్పింది. భర్తకు పరస్త్రీలతో సంబంధముందని నమ్మింది. పనిమనుషులనూ, స్నేహితుల భార్యలనూ కూడా అనుమానించింది. వీధిలో ఆయన వెంటబడి అరిచేది. ఆయన ప్రాణానికే అపాయం తెచ్చిందని ఆ కాలపు ఉత్తరాలలో ఉంది. మిగతా విషయాల్లో మాత్రం కొన్ని సమయాల్లో మామూలుగానే మాట్లాడేది. అందువల్ల చూచేవారికి మరింత అయోమయం. ఆమె చెప్పేది నిజమేమోనని ఆయనను అనుమానించినవారు కూడా ఉన్నారు. సేరంపూరు వచ్చాక ఆమెను ఒక గదిలో ఉంచవలసి వచ్చింది. 1807 డిసెంబరు 8న జ్వరంతో ఆమె కన్నుమూసింది. అంటే కేరీగారు దాదాపు పన్నెండేళ్ళు పేరు తెలియని జబ్బుతో కాపురం చేశారు. 1992లో అమెరికాకు చెందిన జేమ్స్ బెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆమె జీవితాన్ని పుస్తకంగా రాసి, ఈనాడు దీనిని భ్రమరోగమంటారని వివరించారు.

మా అభిప్రాయం ఒకటి చెబుతాము. మన ప్రసంగాలలో డొరతి ఎప్పుడైనా కనబడితే కేరీగారు మోసిన సిలువగానే కనబడుతుంది. సిలువ మోసినది ఆయన ఒక్కడేనా? తన భర్త తనకు ద్రోహం చేస్తున్నాడని ప్రతి దినమూ నిజంగా నమ్మి బ్రతికిన స్త్రీ ఎంత నరకం అనుభవించి ఉంటుంది! ఆ దినాలలో మందు లేదు. మతి భ్రమలకు పనిచేసే మొదటి మందులు 1950లలోనే వచ్చాయి. పిచ్చాసుపత్రి అంటే గొలుసులే. కేరీగారికి దారి లేక ఆమెను గదిలో ఉంచారు. మనకు దారి ఉండి కూడా కొందరిని గదిలోనే ఉంచుతున్నాము.

గుంటూరు ప్రయాణం

దాచేపల్లి ఇంటికి తిరిగి వద్దాము. ఆ కుటుంబానికి దారి చూపినది మేము కాదు, సంఘం కాదు. వాళ్ళ చిన్నమ్మాయి తోటికోడలు ఆసుపత్రిలో నర్సు. క్రిస్మసుకు వచ్చి రెండు రోజులు ఉండి, వెళ్ళేటప్పుడు, "అత్తయ్యగారూ, మామయ్యగారిది గుణం కాదేమో. మెదడు జబ్బేమో. ఒకసారి నరాల డాక్టరుకు చూపించండి" అన్నది. అంతే. ఒక్క వాక్యం.

నడికుడిలో రైలెక్కి గుంటూరు వెళ్ళారు. డాక్టరుగారు ఆయనను కాసేపు చూసి, తరువాత ఆమెను కూర్చోబెట్టి అరగంట అడిగారట. ఎప్పుడు మొదలైంది? మొదట ఏది మారింది? తీపి ఎక్కువ తింటున్నారా? ఎవరైనా ఏడిస్తే పట్టించుకుంటున్నారా? చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారా? ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే డాక్టరుగారు తల ఊపారు. మూడేళ్ళుగా ఆమె చెబుతున్నవే అవి. తల ఊపినవారు ఆయనే మొదట. రక్త పరీక్షలు, తల స్కానింగ్ చేయించారు. మెదడు ముందు భాగం కుంచించుకుపోతున్నదని తేలింది. ఇది మతిమరుపు జబ్బులకు దగ్గరి చుట్టం. అయితే జ్ఞాపకం కంటే ముందు మర్యాదను, జాలిని, తప్పొప్పుల విచక్షణను తినేస్తుంది. సాధారణంగా నలభై అయిదుకూ అరవై అయిదుకూ మధ్య మొదలవుతుంది. ప్రేగు నగరంలో పనిచేసిన ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు 1892లోనే ఇలాంటి రోగిని గురించి రాశాడు. పూర్తిగా నయం చేసే మందు ఈనాటికీ లేదు. నిద్ర, కోపం, ఆత్రం కొంత అదుపు చేయవచ్చు.

నయం కాదన్న మాట విని ఆమె ఆసుపత్రి వరండాలో కూలబడి ఏడ్చిందనుకున్నాము. ఏడ్చిన మాట నిజమే. కారణం వేరు. తరువాత ఆమే చెప్పింది: "నాకు జ్వరమొస్తే కూరేదన్నాడు చూడక్కా, అది ఆయన అన్నమాట కాదంట. జబ్బు అన్న మాటంట. మూడేళ్ళు నేను ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానో దేవునికే ఎరుక."

అన్నీ ఒకటే జబ్బు కాదు

ఇది చదివి మతి మారిన ప్రతివారికీ ఆ జబ్బే అనుకోవద్దు. చాలామందికి అంతకంటే తేలికగా నయమయ్యేవే ఉంటాయి. థైరాయిడ్ తగ్గితే మనిషి మందగించి, దిగులుపడి, ఏ పనీ ముట్టుకోదు. మాత్రతో సరిపోతుంది. బి12 విటమిన్ లోపిస్తే మతిమరుపు, చిరాకు, కొన్నిసార్లు భ్రమలు కూడా వస్తాయి. ఇంజెక్షన్లతో బాగుపడవచ్చు. ఒంట్లో సోడియం పడిపోయిన ముసలివాళ్ళు ఒక్క దినంలో మనుషులను పోల్చుకోకుండా పోతారు. మూర్ఛలలో కొన్ని రకాల్లో కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఉండదు. కాసేపు శూన్యంలోకి చూసి, పెదవులు చప్పరించి, అడిగినదానికి బదులు చెప్పరు. దీనికి దయ్యమని పేరు పెట్టి చీపురుతో కొట్టిన సంగతులు మన పల్లెలకు కొత్త కాదు. తాగుడు ఒక్కసారిగా మానిన రెండు మూడు దినాలలో పురుగులు పాకుతున్నాయని కేకలు పెడితే, అది ప్రాణం మీదికి తెచ్చే స్థితి. ఇంట్లో ఉంచి ప్రార్థించేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలసినది. కాన్పు అయిన వారాలలో తల్లికి నిద్రపట్టక, బిడ్డ తనది కాదన్నా, బిడ్డకు కీడు జరుగుతుందన్నా అంతే. బాలింత గాలి అని తలుపులు మూసి కూర్చోవద్దు.

ఇక దిగులు జబ్బు, అనుమానపు జబ్బు, కొన్నాళ్ళు పట్టలేని హుషారు, కొన్నాళ్ళు లేవలేని నీరసంగా వచ్చే జబ్బు. ఇవి స్కానింగులో కనబడవు. కనబడవు కాబట్టి అబద్ధమనరాదు. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో నూటికి దాదాపు పదిమందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. చాలా రుగ్మతలలో నూటికి డెబ్బైమందికి పైగా వైద్యం అందడం లేదు.

డాక్టరు దగ్గరికి వెళితే విశ్వాసం తక్కువైనట్టు కాదా అని ఒక అన్న మమ్మల్ని అడిగాడు. మత్తయి నాలుగో అధ్యాయం ఇరవై నాలుగో వచనం తీసి చూడమన్నాము. ప్రభువు దగ్గరికి తెచ్చినవారిలో దయ్యము పట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు, పక్షవాతపువారు వేరు. రెండు వేల ఏళ్ళ క్రిందటే ఆ తేడా చూచినవారుంటే, మనం అన్నిటినీ ఒకే గాటకు కట్టడమేమిటి? చావే మేలని అడిగిన ఏలీయాకు దేవుడు మొదట పంపినది గద్దింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్ళు. లూకా వైద్యుడు. పౌలు ఆయనను వెంటబెట్టుకొనే తిరిగాడు.

రానంటే?

"తీసుకుపోదామంటే ఆయన రాడక్కా, నాకేం పిచ్చా అంటాడు." ఈ మాట చెప్పని ఇల్లాలు లేదు. భార్య జబ్బు మనిషైతే భర్త చెప్పేదీ ఇదే. జబ్బు ఉందని తెలియకపోవడం కొన్నిసార్లు జబ్బులోనే భాగం. వాదించి గెలవలేరు. పిచ్చి డాక్టరు అనకండి. నిద్ర పట్టడం లేదు కదా, తలనొప్పి కదా, బీపీ చూపించుకుందామనండి. అబద్ధం చెప్పమని కాదు, అవి కూడా నిజాలే. ఆయన ఎవరి మాట వింటారో, బావగారో, మేనమామో, పాస్టరుగారో, వారి చేత చెప్పించండి. వెళ్ళేముందు ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. ఏది ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎంత, తిండి ఎంత, డబ్బు ఎలా ఖర్చవుతోంది, వాడుతున్న మందులేమిటి. గదిలో డాక్టరుగారి ముందు రోగి చక్కగా మాట్లాడి, మీరే పిచ్చివారన్నట్టు కనబడే ప్రమాదముంది. అప్పుడు ఆ పుస్తకం మాట్లాడుతుంది.

రానే రానంటే మీరైనా వెళ్ళండి. లేదా 14416కు ఫోను చేయండి. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. రోగి గురించి ఇంటివారు కూడా అడగవచ్చు. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులూ ఉన్నారు, నరాల వైద్యులూ ఉన్నారు. విశాఖపట్నంలోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రత్యేక ఆసుపత్రులున్నాయి. జబ్బు ముదిరి పని చేయలేని స్థితి అయితే సదరం సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కట్టివేయడం గురించి కూడా ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రమంలాంటి చోట మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు కదలలేక ఇరవై ఎనిమిది మంది కాలిపోయారు. వాళ్ళను అక్కడ వదిలినవారు చెడ్డవారు కారు. మన లాంటి కుటుంబాలవారే, స్వస్థత కోసం తీసుకువచ్చినవారే. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. స్వస్థత కూటాల పేరిట రోగులను ఉంచుకునేవారు ఎవరైనా, మనవారైనా సరే, ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్నవారి సంగతి

సర్దుకుపొమ్మని చెప్పే మాకు, మీకు, కొడితే ఏం చేయాలో చెప్పే ధైర్యం లేదు. జబ్బు కారణమైనా దెబ్బ దెబ్బే. ఆ రాత్రి పిల్లలను తీసుకొని పక్కింటికి పోవడం భర్తను విడిచినట్టు కాదు. ఏ ఇంటికి పోవాలో పగలే అనుకొని ఉంచుకోండి. పత్తికీ మిరపకూ కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో మంచం కింద పెట్టే అలవాటు మన పల్నాడులో ఉంది. దిగులు మనిషి ఉన్న ఇంట్లో అవి ఒక్క రాత్రి కూడా ఉండరాదు. చస్తానని ఎవరైనా అంటే బెదిరింపని నవ్వి ఊరుకోవద్దు. పక్కన మనిషిని ఉంచి, అదే దినం వైద్యం చూడండి.

దాచేపల్లి సహోదరి విషయంలో సంఘం ఆలస్యంగానైనా కొన్ని పనులు చేసింది. స్త్రీల సమాజంవారు వంతులు వేసుకున్నారు. మిరపకోతల దినాలలో ఆమె కూలికి వెళితే ఒకరు ఇంటి దగ్గర ఆయన పక్కన కూర్చుంటారు. బడ్డీకొట్టు అతనితో మాట్లాడి బెల్లం లెక్క రాసి పెట్టమన్నారు, నెలాఖరుకు కొడుకు ఇస్తాడు. పొలం పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం కొడుకు దగ్గరికి మారాయి. ఆమెను వారానికి ఒక సాయంత్రం ఎవరో ఒకరు తమ ఇంటికి పిలుస్తారు. ఆ సాయంత్రం జబ్బు ఊసెత్తరాదని ఒక అత్తమ్మగారు కట్టడి చేశారు. మాకు అన్నిటిలోకీ నచ్చినది అదే.

పెద్దలు మళ్ళీ కూడి పాత తీర్మానం కొట్టివేశారు. పాస్టరుగారు ఆ ఇంటికి వెళ్ళి ఆమెను క్షమాపణ అడిగారు. మేమూ వెళ్ళాము. ఆమె టీ ఇచ్చింది గాని, ఆ విషయం మీద ఏమీ అనలేదు.

క్రిందటి నెల సంస్కారపు ఆదివారం ఆయన భార్య పక్కనే మోకరించారు. కీర్తన చివరి చరణం వరకు, పుస్తకం లేకుండా, శ్రుతి తప్పకుండా పాడారు. రొట్టె ముక్క నోట్లో వేసుకొని, "ఇంకోటి పెట్టండి" అని అందరికీ వినబడేట్టు అడిగారు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, పళ్ళెంలోంచి ఇంకొక ముక్క తీసి ఆయన చేతిలో పెట్టారు. పిల్లలు కూడా నవ్వలేదు.